మొండితోక పిల్లి వేటాడుతుంటే చూడటం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. పోయిన నెల ఒక ట్రెయిల్ మీద బాబ్‌క్యాట్ రెండు సెకన్లు కనబడి పొదల్లోకి దూరిపోయింది. అది వేటాడుతుంటే చూడాలని మూడు శనివారాలు తిరిగాం, ఒక్కటీ కనబడలేదు. ఎక్కడ, ఎప్పుడు వెతకాలి? పెద్ద కెమెరా కొనాలా? ఆరేళ్ళ పాప కూడా వస్తానంటోంది, ప్రమాదమేమైనా ఉందా?"

మూడు శనివారాలు తిరిగాం అని రాశారు. చిక్కంతా ఆ 'తిరిగాం' దగ్గరే ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సముద్రతీరంలో ఉన్న పాయింట్ రేయస్ పార్కులో మొదటి ఏడాది నేనూ అదే పని చేశాను. రోజుకు పదేసి మైళ్ళు, ఒక ట్రెయిల్ అయ్యాక ఇంకో ట్రెయిల్. పిల్లి కనబడటమే తక్కువ, కనబడినప్పుడల్లా చూసింది దాని వెనక భాగమే. రెండో ఏడాది మోకాలు వాచి డాక్టరు నడవద్దన్నాక, ఇంట్లో ఉండలేక, ఒక గడ్డి వాలు ఎదురుగా కారు ఆపుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ చలికాలంలోనే ఒక వేటను మొదటినుంచి చివరిదాకా చూశాను. ఇప్పటికి పద్నాలుగేళ్ళు అయింది. మోకాలు బాగైంది గానీ కూర్చునే అలవాటు పోలేదు.

ముందు పేరు సంగతి. హైదరాబాద్‌లో మా బావమరిదికి ఒకసారి బాబ్‌క్యాట్ ఫొటో పంపుతున్నానని చెబితే, మట్టి ఎత్తే చిన్న మిషన్ అనుకున్నాడు, పాపం. అసలు బాబ్ అంటే కత్తిరించినట్టు పొట్టిగా ఉన్న తోక. మా ఇంట్లో దీన్ని మొండితోక అనే పిలుస్తాం. ఇంటర్నెట్‌లో 'బాబ్‌క్యాట్ హంటింగ్' అని కొడితే తుపాకులు పట్టుకున్న మనుషుల ఫొటోలు వస్తాయి, అది వేరే సంగతి. కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టంతో 2020 జనవరి నుంచి దీని వేటను ఆపేశారు. చాలా ఇతర రాష్ట్రాల్లో మాత్రం సీజన్ పెట్టి వేటాడనిస్తారు, అందుకే అక్కడి పిల్లులు మనిషి వాసనకే మాయమవుతాయి. మన దగ్గర పట్టపగలు కనబడే అదృష్టానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

మీరు చూసింది బాబ్‌క్యాటేనా అన్నది కూడా ఒకసారి సరిచూసుకోండి. ఇంటి పిల్లికి సుమారు రెండింతలు ఉంటుంది. ఆడది ఆరేడు కిలోలు, మగది తొమ్మిది పది కిలోలు, బాగా పెద్దదైతే 14 దాకా. వెనక కాళ్ళు కాస్త ఎత్తు, అందుకని నడిచేటప్పుడు పిరుదులు పైకి లేచినట్టు కనబడతాయి. తోక జానెడు కూడా ఉండదు. దాని చివర పైవైపు నలుపు, అడుగున తెలుపు. పొడుగు తోక ఉంటే అది మౌంటెన్ లయన్, లేదా ఎవరో వదిలేసిన ఇంటి పిల్లి. అన్నిటికంటే పనికొచ్చే గుర్తు చెవుల వెనక ఉంటుంది. నల్లటి చెవి మీద తెల్లటి మచ్చ. ఎండిన గడ్డిలో పిల్లి మొత్తం కలిసిపోయినా, అది అటు తిరిగి కూర్చుంటే ఆ రెండు తెల్ల చుక్కలు మాత్రం బైనాక్యులర్స్‌లో టక్కున తగులుతాయి. నేను దూరం నుంచి పట్టుకున్న పిల్లుల్లో సగం అలా పట్టుకున్నవే.

ఇది లింక్స్ జాతిది. ఆ జాతిలో ఉన్నవే నాలుగు రకాలు. వాటిలో యూరేసియన్ లింక్స్ మన దేశంలో లడఖ్‌లో ఉంది. మన ఊళ్ళ చెరుకు తోటల్లో, చెరువు గట్ల మీద కనబడే జంగుపిల్లికి కూడా చెవి చివర చిన్న కుచ్చు, పొట్టి తోక ఉంటాయి గానీ అది వేరే శాఖ. వేటాడే పద్ధతిలో మాత్రం రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. పొలంలో ఎలుకల కోసం జంగుపిల్లి నక్కి కూర్చోవడం చిన్నప్పుడు చూసి ఉంటే, మీకు సగం పాఠం అయిపోయినట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. పిల్లి కోసం వెతకకండి. దాని తిండి ఎక్కడుందో వెతికి, దాని ఎదురుగా కూర్చోండి.

ఈ తీరప్రాంతపు గడ్డి మైదానాల్లో దాని రోజువారీ తిండి గోఫర్, వోల్ అనే చిన్న ఎలుక, బ్రష్ ర్యాబిట్ అనే పొదల కుందేలు. చూసేవాడికి వీటిలో గోఫరే ముఖ్యం, ఎందుకంటే అది ఒకేచోట ఉంటుంది. మన పందికొక్కును సగానికి కుదించి నేల కిందే కాపురం పెట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఊహించుకోండి. ఒక్కో గోఫర్‌కు ఒక సొరంగాల ఇల్లు, అందులో అది ఒక్కతే ఉంటుంది. తవ్విన మట్టిని పైకి నెట్టి, పని అయిపోగానే కలుగు మూతిని మట్టితోనే బిరడా కొట్టినట్టు మూసేస్తుంది. అలా నెట్టిన మట్టి విసనకర్రలా ఒకవైపుకు పరుచుకుని ఉంటుంది. కుప్ప గుండ్రంగా, చుట్టూ సమానంగా ఉంటే అది మోల్ అనే ఇంకో నేల కింది జంతువు పని, దాన్ని వదిలెయ్యండి. మట్టి రంగు చూడండి. తేమగా, నల్లగా ఉంటే ఈ ఉదయం తవ్వింది. పాలిపోయి పైన గట్టిపడి ఉంటే పాతది. ఒక వాలు మీద ఇరవై ముప్ఫై మట్టి కుప్పలుండి వాటిలో నాలుగైదు తాజావి ఉన్నాయంటే, అక్కడ కుర్చీ వేసుకోవచ్చు.

అందుకే నా సీజన్ నవంబరు నుంచి మార్చి దాకా. మొదటి వానలు పడ్డాక నేల మెత్తబడి గోఫర్లు జోరుగా తవ్వుతాయి, గడ్డి ఇంకా చీలమండ దాటదు. ఏప్రిల్ దాటితే గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. అప్పుడు పిల్లి అక్కడే ఉన్నా మీకు చెవుల కొసలే కనబడతాయి. ఎండాకాలం పాయింట్ రేయస్‌లో పొగమంచు మరీ ఎక్కువ, కొన్ని రోజులు ఎదురుగా ఉన్న కంచె కూడా కనబడదు. బాబ్‌క్యాట్ సంధ్యవేళల జంతువు అని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. కానీ చలికాలంలో ఇక్కడ ఉదయం పదకొండింటికి కూడా నింపాదిగా వేటాడటం చాలాసార్లు చూశాను. గోఫర్‌కు పగలూ రాత్రీ తేడా లేదు, కాబట్టి పిల్లికీ పెద్దగా లేదు.

ఒక ఉదయం గురించి వివరంగా చెబుతాను, మీరు దేనికోసం చూడాలో దానివల్ల తెలుస్తుంది.

జనవరి. రెండు రోజులు ముసురు పట్టి ఆ తెల్లవారుజామునే వాన తెరిపిచ్చింది. పియర్స్ పాయింట్ రోడ్డు పక్కన కార్లు ఆపే చోట కారు ఆపి, ఇంజను కట్టేసి, కిటికీ అద్దం ముందే దించుకుని కూర్చున్నాను. ముందే ఎందుకంటే, పిల్లి వచ్చాక దించితే ఆ 'జుయ్' శబ్దానికే తల తిప్పి చూస్తుంది. ఎదురుగా నలభై మీటర్ల దూరంలో ఆవుల కంచె, దాని అవతల మట్టి కుప్పలున్న వాలు. ముప్పావు గంట ఏమీ లేదు. ఒక గ్రేట్ బ్లూ హెరాన్ మాత్రం వాలు మధ్యలో కొంగ జపం చేస్తూ నిలబడి ఉంది. కొంగ నీటి దగ్గర కదా ఉండాలి అనుకోకండి. ఇక్కడ కొంగలు కూడా గోఫర్లనే పడతాయి. పొడి నేల మీద కొంగ కదలకుండా నిలబడిందంటే ఆ కలుగులో సరుకు ఉందని అర్థం. నేను చోటు ఎంచుకోవడంలో వాటి సలహా తీసుకుంటాను.

తరువాత కంచె వెంబడి పిల్లి వచ్చింది. ఎడమ చెవి అంచు చిరిగిన ఆడపిల్లి, దాన్ని అంతకుముందు కూడా రెండుసార్లు చూశాను. మొదట దాని నడక గమనించండి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోతున్న పిల్లి తిన్నగా, ఒకే వేగంతో, పనిమీద వెళ్ళే మనిషిలా పోతుంది. వేటలోకి దిగిన పిల్లి నాలుగు అడుగులు వేసి ఆగుతుంది, చెవులు తిప్పుతుంది, దారి మార్చుకుంటుంది. ముందు కాలు పెట్టిన చోటే వెనక కాలు పెడుతుంది, అందుకని చప్పుడు సగానికి సగం తగ్గుతుంది. ఇది కూడా అలా వస్తూ వస్తూ ఒక కుప్ప దగ్గర ముందు కాలు గాలిలో ఎత్తి అలాగే ఆగిపోయింది. అది ఆ కాలు కింద పెట్టేలోపు నేను ఊపిరి మూడుసార్లు తీసుకున్నాను.

అక్కడినుంచి అంతా చెవుల్లోనే జరుగుతుంది. అందరూ పంజా వైపు చూస్తారు, నేను చెవులు చూడమంటాను. రెండు చెవులూ వేరువేరుగా తిరుగుతూ ఉంటే అది ఇంకా వెతుకుతోందని. రెండూ ఒకే చోటికి, నేల వైపుకు వంగి బిగుసుకున్నాయంటే కింద ఏదో గీకుతున్న చప్పుడు దొరికిందని. ఆ తరువాత అది కూర్చోలేదు, పడుకోలేదు. నాలుగు కాళ్ళ మీద సగం వంగి, తల కిందికి పెట్టి, శిలలా ఉండిపోయింది. కొంగ ఇదంతా ఒక కంట కనిపెట్టి విసుగ్గా ఎగిరిపోయింది.

కాసేపటికి కుప్ప మీద మట్టి కదిలింది. గుప్పెడు మట్టి పైకి వచ్చి పక్కకు దొర్లింది. నాకు గుండె ఆగినంత పనైంది, ఇప్పుడే దూకుతుందని. దూకలేదు. గోఫర్ మట్టిని ముందు కాళ్ళతో, మొహంతో, రొమ్ముతో నెట్టుకుంటూ వస్తుంది. మట్టి కదిలిందంటే దాని ముందు మట్టి ఉంది, అది ఇంకా లోపలే ఉంది. అప్పుడు దూకితే పిల్లి గోళ్ళకు మట్టే దక్కుతుంది. రెండోసారి మట్టి వచ్చింది. మూడోసారి వచ్చింది. మధ్యలో మన పిల్లి చేసిందల్లా వెనక పాదాలను కాస్త లోపలికి జరుపుకోవడం. నాలుగోసారి మట్టితోపాటు గోధుమరంగు తల, భుజాలు కూడా పైకి వచ్చాయి. తోక చివర ఒక్కసారి టప్పున కొట్టుకుంది. ఆ వెంటనే దూకింది.

ఆ దూకుడు పెద్దదేం కాదు. రెండు మూడు అడుగులు ఉంటుందేమో. ముందు కాళ్ళు రెండూ కలిపి ఎత్తి, నిలువుగా కిందికి గుద్దినట్టు వచ్చింది. మీసాలు అన్నీ ముందుకు తిరిగి ఉన్నాయి. పిల్లికి నోటి ముందున్న వస్తువు దగ్గరగా సరిగ్గా కనబడదు, ఆ ఆఖరి క్షణంలో మీసాలే దాని కళ్ళు. ఒక కాలు భుజందాకా కలుగులో దూర్చి గోఫర్‌ను బయటకు లాగి తల దగ్గర కొరికింది. అంతే, పెనుగులాట లేదు. పక్కనే ఉన్న గుబురు గడ్డిలోకి తీసుకెళ్ళి తలవైపు నుంచి మొదలుపెట్టి నమిలి మింగింది. ఆపైన ఇంటి పిల్లి లాగే కూర్చుని, కాలు నాకుతూ మూతి కడుక్కుంది. కాలు గాలిలో ఎత్తి ఆగినప్పటి నుంచి మూతి తుడుచుకునే దాకా ఇరవై అయిదు నిమిషాలు. అందులో వేట అని మనం అనుకునేది ఒక్క సెకను.

ఇలా ప్రతిసారీ దొరుకుతుందనుకోకండి. నా నోట్‌బుక్‌లో తప్పిన దూకుళ్ళే ఎక్కువ. ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తల్లి వెంట తిరిగే కూనలైతే మరీ తమాషా. మట్టి కదలగానే దూకేస్తాయి, ముక్కుకు మట్టి అంటుకుని తుమ్ముతాయి. ఒక కూన వోల్‌ను పట్టి, వదిలి, మళ్ళీ పట్టి పది నిమిషాలు ఆడింది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణ సంకటం అన్నది అచ్చం అక్కడే చూశాను. చివరికి వోల్ గడ్డిలోకి జారుకుంది, కూన వెర్రిమొహం వేసింది. కూనలు సాధారణంగా వసంతంలో పుడతాయి, రెండు నుంచి నాలుగు దాకా. దాదాపు ఏడాది నిండేవరకు తల్లి దగ్గరే పని నేర్చుకుంటాయి.

వేటకు ఒకటే పద్ధతి లేదు. గ్రౌండ్ స్క్విరల్ అనే నేల ఉడుత దగ్గర ఈ కలుగు మాటు పెద్దగా పనిచెయ్యదు. అవి గుంపులో ఉంటాయి, ఒకటి నిటారుగా నిలబడి కాపలా కాస్తుంది. అక్కడ పిల్లి పొట్ట నేలకు ఆనించి, పొద చాటు నుంచి పొద చాటుకు, కాపలా ఉడుత తల తిప్పినప్పుడల్లా రెండడుగులు పాకుతుంది. చివర్లో పరుగు. ఆ పరుగు కొద్ది మీటర్లే. అందకపోతే వెంటపడదు, ఏమీ జరగనట్టు పక్కకు నడిచిపోతుంది. కుందేళ్ళ దగ్గర ఇంకో తీరు. పొద అంచున, కుందేళ్ళు తిరిగే దారి పక్కన, కాళ్ళు పొట్ట కింద ముడుచుకుని పడుకుంటుంది. నిద్రపోతోందనుకుంటారు మీరు. కళ్ళు సగం మూసినా చెవులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. అలా గంటకు పైగా పడుకున్న మగపిల్లిని చూసి నేనే ముందు లేచి వెళ్ళిపోయాను, ఆకలేసి.

మంచు పడే ఉత్తరాది రాష్ట్రాల్లో ఇదే జంతువు చలికాలంలో జింకను కూడా పడుతుంది, తనకు ఎన్నో రెట్లు బరువున్నదాన్ని, గొంతు పట్టుకుని. తిన్నంత తిని మిగిలినదాని మీద ఆకులు, మంచు కప్పి మళ్ళీ వస్తుంది. ఫ్లోరిడాలో అయితే 2021లో బిగ్ సైప్రస్ అనే చోట బర్మీస్ కొండచిలువ గూటి దగ్గర పెట్టిన కెమెరాకు, గుడ్లు తింటున్న బాబ్‌క్యాట్ దొరికింది. తరువాత కొండచిలువ తిరిగి వచ్చినా అది గూటి దగ్గరికి మళ్ళీ వచ్చింది. ఎక్కడ ఏది దొరికితే దానికి తగ్గట్టు బతకడం దీనికి తెలుసు. అందుకే నేను చెప్పిన గోఫర్ పాఠం ఈ తీరానికి సరిపోతుంది, అరిజోనా వెళ్ళి అదే చేస్తే నడవదు.

పిల్లి ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి మిగతా జంతువుల్ని వినండి. నల్లమలలో కొండముచ్చు కూత విని పులి ఎక్కడుందో చెప్పేవాళ్ళున్నారు కదా, ఇక్కడా అదే విద్య. గ్రౌండ్ స్క్విరల్ పైన గద్ద కనబడితే ఒక్కసారి ఈల వేసి కలుగులోకి పోతుంది. నేల మీద నడిచే శత్రువైతే ఆగకుండా చిట్‌చిట్ మంటూనే ఉంటుంది. ఆ రెండో రకం అరుపు ఐదు నిమిషాలు ఆగకపోతే బైనాక్యులర్స్ అటు తిప్పండి. జే పిట్టలు ఒక పొద మీద చేరి గోల చెయ్యడం, జింకలన్నీ ఒకే వైపు చూస్తూ కాలు నేలకు కొట్టడం కూడా మంచి కబురే. తీరా చూస్తే నక్కలాంటి కయోటీ అయి ఉండొచ్చు. అదీ చూడదగ్గదే. కయోటీ గడ్డిలో తిరుగుతూ విని, విల్లులా పైకెగిరి ముందు కాళ్ళ మీద దిగుతుంది. పిల్లి ఉన్నచోటే ఉండి పని చేసుకుంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మూడో ఏడాది, ఫొటో సరిగ్గా రావడం లేదని, పిల్లి కలుగు దగ్గర బిగుసుకుని ఉన్నప్పుడు కారు దిగి మెల్లగా తలుపు వేశాను. నిజంగానే మెల్లగా. పిల్లి నా వైపు చూడలేదు కూడా, ఒక చెవి మాత్రం వెనక్కి తిప్పింది. నాకు ఇబ్బంది లేదనిపించింది. కానీ ఆ చెవి మళ్ళీ ముందుకు రాలేదు. మట్టి కదిలింది, గోఫర్ భుజాలదాకా వచ్చింది, పిల్లి అర సెకను ఆలస్యంగా దూకింది, తప్పింది. పారిపోలేదు కాబట్టి నేనేమీ చెడగొట్టలేదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దాని వినికిడిలో సగం నా మీదికి మళ్ళించాను, దాని పొద్దుటి తిండి పోయింది. అప్పటినుంచి నా లెక్క ఒకటే: ఒక చెవి నా వైపు తిరిగిందంటే నేను ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు. ఇన్ని గజాలు అన్న నియమం కంటే ఇది నాకు బాగా పనికొచ్చింది.

ఫొటోగ్రాఫర్లు పదిమంది చేరిన చోట మాత్రం ఆగకండి. ఒకరు గడ్డిలోకి దిగగానే అందరూ దిగుతారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు గానీ, తెగితే వాళ్ళ కెమెరా బెల్టులన్నీ తెగేవి. కుందేలు అరుపులు ఫోన్‌లో వినిపించి పిల్లిని రప్పించే యాప్‌లు ఉన్నాయి, దయచేసి వాటి జోలికి పోకండి. నేషనల్ పార్కుల్లో జంతువుల్ని అలా ఇబ్బంది పెట్టడం నేరం కూడా. పార్కులో సొంతంగా ట్రెయిల్ కెమెరా కట్టడానికీ అనుమతి కావాలి.

కెమెరా గురించి అడిగారు. కొనకండి, ఈ ఏడాదికి. ఆ డబ్బులో కొంత పెట్టి 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్స్ తీసుకోండి, 10x అయితే చేతులు వణికినట్టు కనబడుతుంది. కెమెరా ఉంటే ఆ సెకను కోసం వేలు బటన్ మీద పెట్టుకుని, మిగతా ఇరవై అయిదు నిమిషాలు చూడటం మానేస్తారు. చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి: టైమ్, గాలి, చెవులు, ఎన్నిసార్లు మట్టి కదిలింది. గాలి గట్టిగా ఉన్న రోజు నేను పెద్దగా ఆశ పెట్టుకోను. గడ్డి గలగలలో దానికి కింది చప్పుడు వినబడదు, ఊరికే తిరుగుతూ ఉంటుంది.

పాపను తప్పకుండా తీసుకురండి. బాబ్‌క్యాట్ మనిషి మీదికి రావడం చాలా చాలా అరుదు, వచ్చిన వాటిలో చాలామటుకు రేబిస్ సోకినవి. దానికి దగ్గరగా వెళ్ళకుండా, ఒంటరిగా కనబడిన కూనను ముట్టుకోకుండా ఉంటే చాలు. తల్లి చుట్టుపక్కలే వేటలో ఉంటుంది. నాకు పిల్లి కంటే టిక్స్, అంటే రక్తం పీల్చే పిడుదులంటేనే టెన్షన్. ఆ గడ్డిలో లైమ్ జబ్బు తెచ్చే టిక్ ఉంటుంది, కాబట్టి పాపను గడ్డిలో కూర్చోబెట్టకండి, ఇంటికి వచ్చాక మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకండి. తాకితే దద్దుర్లు వచ్చే పాయిజన్ ఓక్ ఆకు కూడా చూపించి గుర్తుపట్టడం నేర్పండి. ఆరేళ్ళ పిల్ల గంట కూర్చోలేదు, నలభై నిమిషాలు చాలు. 'చెవి ఎటు తిరిగింది' అన్న ఆట పెడితే నా మనవరాలు నాకంటే ముందు చెప్పేస్తుంది.

మీ ఇంటికి దగ్గర్లో కావాలంటే శాన్ హోసేకి దక్షిణాన కయోటీ వ్యాలీ ఉంది. రెండు కొండల వరుసల మధ్య జంతువులు దాటే ఇరుకు దారి అది. అక్కడ 2019లో 937 ఎకరాలు కట్టడాల పాలు కాకుండా కొని కాపాడారు. పక్కనే ఉన్న మాంటెరే రోడ్డు మీద కార్ల కింద పడి బాబ్‌క్యాట్లు చనిపోతుంటాయి, అటు వెళ్ళినప్పుడు పొద్దునా సాయంత్రం నెమ్మదిగా నడపండి. వేట చూడటానికి మాత్రం నేను పాయింట్ రేయస్‌కే ఓటేస్తాను, అక్కడ చూపుకు అడ్డం తక్కువ.

ఇంకొకటి, ఇది అడగలేదు గానీ చెప్పాలి. మీ పెరట్లో ఎలుకలుంటే విషం పెట్టకండి. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతూ పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్ దగ్గరి శాంటా మోనికా కొండల్లో బాబ్‌క్యాట్లు 2000ల మొదట్లో గజ్జి పట్టి వరసగా చనిపోతే, పరిశోధకులు ఆ గజ్జికీ ఈ విషానికీ సంబంధం ఉందని తేల్చారు. వాటిలో బలమైన రకాల వాడకాన్ని కాలిఫోర్నియా 2020లో చేసిన చట్టంతో చాలావరకు ఆపింది, తరువాత మిగతా రకాల మీద కూడా ఆంక్షలు పెట్టింది. బోను పెట్టుకోండి. బొచ్చు ఊడి, మొహం మీద పొలుసులు కట్టి, మనిషిని చూసినా కదలని పిల్లి కనబడితే వేట చూస్తున్నామనుకోకండి, పార్కు వాళ్ళకు ఫోన్ చెయ్యండి.

డిసెంబరు ఆఖరులో అక్కడ పొద్దు పొడిచేది 7:25 ప్రాంతంలో. ఫ్రీమాంట్ నుంచి దాదాపు రెండు గంటల దారి కాబట్టి ఐదింటికల్లా బయల్దేరండి, పొద్దు పొడవకముందే కారు ఆపేసి ఉండాలి. ఇంజను ఆపాక హీటర్ ఉండదు, దుప్పటి, ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. జంతికలు తెచ్చుకుంటే ప్లాస్టిక్ కవరులో వద్దు, గుడ్డ సంచిలో వేసుకోండి. కవరు చప్పుడుతో నేను ఒక గోఫర్‌ను కాపాడాను, ఆ చెవి చిరిగిన పిల్లి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.